రెండు గంటల బిడ్డలు

రిజిస్టరులో "రెండు" అని రాయడం అప్పలనరసమ్మ చేతికి బాగా అలవాటైపోయింది. పట్టీ మీద అంకె చదవడం ఒక పని, కాగితం మీద అంకె వెయ్యడం ఇంకో పని. ఈ రెండు పనులకీ సంబంధం ఉండాలి కదా అని మొదట్లో కొంచెం మనసులో గుచ్చుకునేది. మూడేళ్లయ్యేసరికి అదీ పోయింది. ముప్ఫయ్యొక్క ఏళ్లు పురుళ్ల వార్డులో నిలబడ్డాక కాళ్ల పీకుడు కూడా అలాగే అలవాటైపోతుంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, ఆడమనిషి ఇంకాస్త తొందరగా పడుతుంది.

ఆ పట్టీ పేరు నిలుపుపట్టీ. చూడ్డానికి నడుం నొప్పికి కట్టుకునే బెల్టులా ఉంటుంది. లోపల మాత్రం సన్నటి తీగలు, ఒక చిన్న బ్యాటరీ. నొప్పులు పడుతున్న మనిషి పొట్టకి చుట్టి మీట నొక్కితే జుమ్మని మోగుతుంది, పావుగంటలో గర్భసంచి బిగుసుకోవడం మానేస్తుంది. కాన్పు ఎంతవరకు వచ్చిందో అక్కడే ఆగుతుంది. విప్పితే మళ్లీ మొదలవుతుంది. ఎనిమిది గంటలు మించి ఉంచరాదని పైన ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. ఎన్ని గంటలు కట్టారో ఒక చిన్న గాజు గడిలో కనిపిస్తుంది గాని, విప్పగానే ఆ అంకె సున్నా అయిపోతుంది. ఆ పట్టీనే ఇంకొకరికి కట్టాలి గనక దాన్ని అలా చేశారు. కాబట్టి విప్పే ముందు చదివి రిజిస్టరులోకి ఎక్కించడం నర్సు బాధ్యత.

దాన్ని తయారు చేసింది నాగూరువలస ఆసుపత్రిలోనే పనిచేసే డాక్టరు అరుంధతి. కొండ మీది గూడేల నుంచి డోలీలో వచ్చే ఆడవాళ్లు దారిలో రాళ్ల మధ్యే కనేయడం, తల్లో బిడ్డో దక్కకపోవడం చూసి చూసి, వెనకనున్న పాత ఎక్స్‌రే గదిని ప్రయోగశాల చేసుకుని ఆవిడ ఆరేళ్లు అందులోనే గడిపింది. మొదట మేకల మీద చూసింది. తర్వాత మనుషుల మీద. మొట్టమొదట పట్టీ కట్టించుకున్న గూడెం మనిషి భయంతో వణుకుతుంటే పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నది అప్పలనరసమ్మే. ఆ తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమంగా ఇంటికి వెళ్లిన రోజున డాక్టరమ్మ ఎక్స్‌రే గదిలో కూర్చుని ఒంటరిగా ఏడ్చింది. అది చూసింది కూడా అప్పలనరసమ్మే.

కొండ కోసం చేసిన పట్టీ కొండ దిగి ఊళ్లోకి రావడానికి ఏడాది పట్టలేదు. కాన్పుని ఆపొచ్చు అంటే ముహూర్తానికి ఆపొచ్చు అని జనానికి వేరే చెప్పాలా? డాక్టరమ్మకి ససేమిరా ఇష్టం లేదు. కానీ ఊరి పెద్దలు గట్టిగా అడిగితేనే గూడేలకి మరో రెండు వందల పట్టీలు మంజూరవుతాయని పైవాళ్లు తేల్చేశారు. ఊళ్లోనూ కడితేనే ఆ పెద్దలు నోరు తెరుస్తారు గనక ఆవిడ తల ఊపింది. ఆ తర్వాత సిద్ధాంతులు తమలో తాము ఏం అనుకున్నారో గాని, రెండు గంటల లోపు ఆపితే దోషం లేదు, అంతకు మించితే అది బిడ్డ తెచ్చుకున్న ఘడియ కాదు, మనం తెచ్చిపెట్టిన ఘడియ, జాతకం పనికిరాదు అన్న మాట ఊరంతా పాకిపోయింది.

మొదట అడిగింది వాచీల కొట్టువాళ్ల ముసలావిడ. కోడలికి ఏడు గంటలు పట్టీ ఉంది. ఆ ముసలావిడ అప్పలనరసమ్మ గడ్డం పట్టుకుని, "రెండని రాసీ తల్లీ. నీ చెయ్యేటైనా అరిగిపోద్దా" అంది. అప్పలనరసమ్మ రాసేసింది. ప్రతిగా ఏమీ పుచ్చుకోలేదు, చీర పెడతామన్నా వద్దంది. ఆ మాట మీద ఎవరు ఒట్టేయమన్నా వేస్తుంది. జాలిపడి రాసింది, ఇంకొకరికీ జాలిపడింది, తర్వాత తర్వాత వాళ్లు అడక్కముందే రాసేసింది. పన్నెండు గంటల డ్యూటీలో ఒకరితో వాదన తగ్గితే కాస్త కాళ్లకి విశ్రాంతి.

ఆవేళ గురువారం. పట్టీ కట్టించుకుని పడుకున్నది అప్పలనరసమ్మ కూతురు ఝాన్సీ.

తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ముందురోజు పొద్దుపోయాక నొప్పులు మొదలయ్యాయి. ఝాన్సీ అత్తగారు కనకరత్నం బొబ్బిలి నుంచి కారు కట్టించుకుని సిద్ధాంతి కాగితంతో సహా దిగిపోయింది. ఉదయం తొమ్మిది గంటల పదహారు నిమిషాలు, అంతకు ముందు వద్దు, వెనక వద్దు. రాత్రి పదకొండున్నరకి పట్టీ కట్టారు. అప్పలనరసమ్మ తెల్లవార్లూ కూతురి పక్కన స్టూలు మీదే కూర్చుని, ఏడింటికి ముఖం కడుక్కుని, యూనిఫాం చీర కట్టుకుని డ్యూటీ ఎక్కింది.

"అమ్మా, ఇది విప్పీవే" అంది ఝాన్సీ. "నొప్పేం లేదు గాని, లోపల బిడ్డ కదలట్లేదు. రాత్రి దాకా తన్నింది. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు."

"పట్టీ కడితే అంతే. అందరికీ అలగే ఉంటాది. గుండె చప్పుడు చూసినాను, బాగుంది."

"నాకు బాగులేదు."

"బాగున్న పురుడు నేనింతవరకు సూడ్లేదమ్మా" అంటూ అప్పలనరసమ్మ గోడ గడియారం వైపు చూసింది. పట్టీ ఎప్పుడు విప్పితే కాన్పు ఎప్పుడవుతుందో చెప్పడంలో ఆమెకి తిరుగులేదు. పొట్ట మీద చెయ్యి వేసి, కాసేపు కళ్లు మూసుకుని, ఇంత సమయం పడుతుంది అంటే పది నిమిషాలు అటూ ఇటూ కాదు. ముహూర్తాలవాళ్లు ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వచ్చేవాళ్లు. ఏడున్నరకి గాజు గడిలో అంకె చూసింది. ఎనిమిది. పట్టీ విప్పింది.

నొప్పులు ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకున్నాయి. ఝాన్సీ అమ్మని తిట్టింది, అత్తగారిని తిట్టింది, ఎక్కడో బెంగుళూరు నుంచి రైలెక్కి వస్తున్న మొగుణ్ని మరికాస్త ఎక్కువ తిట్టింది. కనకరత్నం తలుపు అవతల ఫోను చేతిలో పట్టుకుని నిమిషాలు లెక్కపెట్టింది. తొమ్మిదీ పదహారుకి ఆడపిల్ల పుట్టింది. ఒకే ఒక్క కేక వేసింది. తల్లి రొమ్ము మీద పెడితే రెండు గుక్కలు లాగి నిద్రపోయింది. మూడు కిలోల రెండు వందలు. పెదవులు గులాబీ రంగు.

కనకరత్నం ఆనందానికి అంతు లేదు. "వదినగారూ, మీ చేతికి బంగారు కడియం తొడగాల. సరిగ్గా నిమిషానికి!" అని, గొంతు తగ్గించి, "ఆ పుస్తకంలో మరి…" అంది.

"తెలుసండి" అంది అప్పలనరసమ్మ.

రాసింది. పేరు: ఝాన్సీ. బిడ్డ: ఆడ. పట్టీ గంటలు: రెండు. తన మనవరాలి పేరున రాస్తున్నప్పుడు కూడా కలం ఎక్కడా ఆగలేదు. అంత అలసటలో ఆగడానికి కూడా ఓపిక ఉండాలి.

రెండు గంటలు బిడ్డని వెచ్చటి దీపం కింద ఉంచారు. పట్టీ బిడ్డలకి అది నియమం. రెండు గంటలు కనిపెట్టి చూసి తల్లి దగ్గరికి పంపేస్తారు. పదకొండుంపావుకి అప్పలనరసమ్మే మనవరాలిని గుడ్డలో చుట్టి తెచ్చి ఝాన్సీ పక్కన పడుకోబెట్టింది. బిడ్డ కళ్లు తెరవలేదు. ఝాన్సీ కూడా తెరవలేదు. తల్లీకూతుళ్లిద్దరూ ఒకేలా నోరు కొంచెం తెరిచి పడుకున్నారు. ఆ దృశ్యం చూసి అప్పలనరసమ్మకి పడ్డ శ్రమంతా కాసేపు మరుపున పడింది.

పన్నెండింటికి డాక్టరమ్మ పిలుస్తోందని ఆయా వచ్చి చెప్పింది.

ఎక్స్‌రే గదిలో బల్ల నిండా రిజిస్టర్లే. డాక్టరు అరుంధతి పన్నెండు రోజులుగా ఆ గదిలోనే తింటోంది, ఆ గదిలోనే కునుకు తీస్తోంది. పన్నెండు రోజుల క్రితం నిమ్మక సుక్కి అనే గూడెం మనిషికి పుట్టిన మగబిడ్డ ఆసుపత్రిలోనే పోయాడు. పట్టీతో వచ్చింది సుక్కి. కొండవాగు పొంగి డోలీ ఆగిపోవడం వల్ల ఎనిమిది గంటలు కావలసింది తొమ్మిదయింది. కాన్పు సుఖంగానే అయింది. బిడ్డని రెండు గంటలు దీపం కింద ఉంచి, పెద్ద వార్డుకి మార్చారు. సాయంత్రానికి ఒళ్లు చల్లబడిపోయింది. రోగం లేదు, దెబ్బ లేదు. రక్తంలో చక్కెర అడుగంటిపోయింది, అంతే.

"కూర్చోండి నరసమ్మ గారూ. అమ్మమ్మ అయ్యారట, సంతోషం" అంది డాక్టరమ్మ. సంతోషం గొంతులోకి రావడానికి కూడా ఆవిడ దగ్గర బలం లేదు. "నాకో సంగతి అర్థం కావట్లేదు. మీరు చూసినన్ని కాన్పులు నేను చూడలేదు. కాస్త చెప్పండి."

బల్ల మీద ఒక పెద్ద గళ్ల కాగితం పరిచి ఉంది. దాని నిండా చుక్కలు.

"అడ్డంగా పట్టీ గంటలు. నిలువుగా, బిడ్డ పుట్టాక మొదటిసారి ఆకలికి ఏడవడానికి పట్టిన గంటలు. రెండూ మన రిజిస్టరులోవే. ఈ నీలం చుక్కలు కొండవాళ్లవి, నలభై ఒక్కటి. చూడండి, మెట్లెక్కినట్టు ఎలా పోతున్నాయో. మూడు గంటలు పట్టీ ఉంటే మూడు గంటల నిద్ర. ఆరు ఉంటే ఆరు. పట్టీ గర్భసంచినే కాదు, బిడ్డ మెదడుని కూడా జోకొడుతోందని నాకు మొదటి ఏడాదే అనుమానం. బయటికొచ్చినా తను ఇంకా లోపలే ఉన్నాననుకుంటుంది. లోపలున్న బిడ్డకి ఆకలేమిటి?"

అప్పలనరసమ్మ తల ఊపింది.

"కానీ ఈ ఎర్ర చుక్కలు ఊరివాళ్లవి. మూడు వందల పైన ఉన్నాయి. అందరికీ పట్టీ రెండు గంటలే. నిద్ర చూడండి. ఒకరు నాలుగు గంటలు, ఒకరు ఏడు, ఒకరు ఎనిమిది. ఒకదాని మీద ఒకటి గోడలా నిలబడ్డాయి. ఈ రెండు గంటల బిడ్డల్ని చూసే పట్టీకీ నిద్రకీ సంబంధం లేదని కొట్టిపారేశాను. రెండు గంటలు కనిపెట్టి ఉంటే చాలని ఆ నియమం నేనే పెట్టాను. వీళ్లందరూ ఎనిమిది గంటలు నిద్రపోయి కూడా బతికినప్పుడు సుక్కి కొడుకు ఎందుకు పోయాడు?"

ఎందుకు బతికారో అప్పలనరసమ్మకి తెలుసు. ఊళ్లో బిడ్డ చుట్టూ నాయనమ్మ, అమ్మమ్మ, ఒక మేనత్త, ఒక పెద్దమ్మ ఉంటారు. చెంప గిల్లుతారు, పాదం గీకుతారు, నిద్రలోనే నోట్లో పాలచుక్కలు పిండుతారు. పెద్ద వార్డులో సుక్కికి ఎవరున్నారు? మొగుడు గేటు బయట. మంచానికి ఇద్దరు బాలింతలు.

ఇంతవరకూ వచ్చాక అప్పలనరసమ్మకి ఎర్ర చుక్కల గోడ చుక్కలుగా కనపడలేదు. వాచీల కొట్టువాళ్ల మనవడు. బస్సులాయన కూతురి కవలలు. మునసబు గారి కోడలి బిడ్డ. ప్రతి చుక్కా తన చేత్తో పెట్టిందే. గోడ గడియారం పన్నెండుం పది చూపిస్తోంది. తొమ్మిదీ పదహారు నుంచి లెక్కేసుకుంది.

"వస్తాను మేడమ్" అని లేచింది. జవాబు కోసం ఆగలేదు.

గదిలో కనకరత్నం ఫోనులో మాట్లాడుతోంది. "బంగారు తల్లండీ. ఏడుపన్న మాటే లేదు. ఇలగ పడుకున్నది అలగే ఉంది. జాతకం మంచిదైతే పిల్లలు ఇలగే ఉంటారు."

అప్పలనరసమ్మ గుడ్డ విప్పింది. పాదాలు చల్లగా ఉన్నాయి. అరికాలు మీద చిటికె వేసింది. కదలలేదు. మళ్లీ వేసింది. చెయ్యి పైకెత్తి వదిలితే మెత్తగా జారిపడింది. మడమ దగ్గర సూదితో గుచ్చి రక్తం తీసింది. గుచ్చినప్పుడు కూడా పిల్ల మూలగలేదు. మిషను ముప్ఫయ్యారు చూపించింది. నలభైకి తగ్గితేనే పరుగెత్తాలి.

"ఏటైందమ్మా?" ఝాన్సీ లేచి కూర్చుంది.

"మేడమ్‌ని పిలవే" అని ఆయాని కేకేసింది అప్పలనరసమ్మ. ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఆమె ఆ వార్డులో అంత గట్టిగా అరవడం ఎవరూ వినలేదు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. బిడ్డ గుండె విన్నది, కనురెప్పలు ఎత్తి చూసింది, మంచానికి వేలాడుతున్న కార్డు చదివింది.

"పట్టీ రెండు గంటలే. ఈపాటికి లేవాలి. అయితే ఇది పట్టీది కాదు. లోపల ఇన్‌ఫెక్షన్ ఏదైనా అయ్యుంటుంది. ఇక్కడ పెట్టుకుని లాభం లేదు, విశాఖపట్నం పంపిద్దాం. అంబులెన్సుకి చెప్పండి."

విశాఖపట్నం అంటే మూడున్నర గంటల దారి. అందులో సగం గోతులు. వెచ్చటి దీపం ఉండదు, తల్లి పాలు ఉండవు. అవసరం లేని మందులన్నీ ఉంటాయి. అప్పలనరసమ్మ కార్డు వైపు చూసింది. తన దస్తూరీ గుండ్రంగా, ముచ్చటగా ఉంటుందని అందరూ అనేవాళ్లు.

"రెండు కాదు మేడమ్. ఎనిమిది."

"ఏమిటి?"

"పట్టీ ఎనిమిది గంటలుంది. రెండని నేను రాసినాను."

కనకరత్నం ముఖం ఎర్రబడింది. "వదినగారూ, ఏటండీ ఇది, అందరి ముందర…"

డాక్టరమ్మ ఆవిడ వైపు చూడలేదు. అప్పలనరసమ్మ కళ్లలోకే చూస్తోంది. "ఇదొక్కటేనా?"

అబద్ధం చెప్పే వీలు ఇంకా ఉంది. ఇదొక్కటే, నా మనవరాలని రాశాను మేడమ్, తప్పయిపోయింది అంటే అక్కడితో సరిపోయేది. ఒక్క తప్పుకి క్షమాపణ ఉంటుంది, వయసుని చూసి వదిలేస్తారు. కానీ ఒక్కటే అంటే ఆ గోడ అలాగే నిలబడి ఉంటుంది. గూడేల బిడ్డలు రెండు గంటలకే పెద్ద వార్డుకి పోతూ ఉంటారు.

"ఊరోళ్లవి అన్నీ" అంది అప్పలనరసమ్మ. "రెండని ఉన్నవన్నీ నేను రాసినవే. అందులో రెండున్నది ఒక్కటీ లేదు."

డాక్టరమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆవిడ ఏం ఆలోచిస్తోందో అప్పలనరసమ్మకి తెలుసు. తన ఆలోచన లాగే ఆవిడదీ సుక్కి కొడుకు గురించే.

"తొమ్మిదీ పదహారుకి ఎనిమిది కలిపితే సాయంత్రం ఐదుంపావు" అని డాక్టరమ్మ చివరికి నెమ్మదిగా అంది. "మీరు చెప్పింది నిజమైతే అప్పటికి తనే లేస్తుంది. అంతవరకు చక్కెర పడిపోకుండా మనం కాచుకోవాలి. అంబులెన్సు వద్దు. నరానికి గ్లూకోజు, ముక్కులోంచి సన్న గొట్టం. తల్లి పాలు పిండి గొట్టంలోంచి. పిల్ల తల్లి ఒంటికి ఆనుకునే ఉండాలి."

"మరి జాతకం…" అంది కనకరత్నం. అలవాటు కొద్దీ వచ్చిన మాట అది, ఆవిడకే వినపడనంత చిన్నగా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఎంతకీ తరగలేదు. ఝాన్సీ కన్నీళ్లు తుడుచుకుంటూ ఉగ్గుగిన్నెలోకి పాలు పిండేది. తొలిరోజు పాలు, చిక్కగా, పసుప్పచ్చగా, చెంచాడు రావడానికే పావుగంట పట్టేది. అప్పలనరసమ్మ దాన్ని సిరంజిలోకి తీసుకుని గొట్టంలోంచి బొట్టుబొట్టుగా వదిలేది. అరగంటకోసారి మడమ గుచ్చేది. నలభై నాలుగు. నలభై ఒకటి. ముప్ఫయ్యెనిమిది. మళ్లీ నలభై ఆరు. మడమ మీద ఎర్ర చుక్కలు పెరిగాయి. డ్యూటీ వేరే నర్సుకి అప్పజెప్పమని డాక్టరమ్మ అంటే అప్పజెప్పింది గాని, కుర్చీలోంచి లేవలేదు. లేస్తే మళ్లీ కూర్చోగలనో లేదోనని భయం.

మూడింటప్పుడు ఝాన్సీ అడిగింది. "ఆ కొండ మనిషి బిడ్డ కూడా ఇలగే పడుకున్నాడా అమ్మా?"

"ఆఁ."

"ఎవరూ చూడలేదా?"

అప్పలనరసమ్మ సిరంజి పక్కన పెట్టింది. ఈ మాట ఎవరికీ చెప్పకుండా పన్నెండు రోజులు మోసింది. ఇక మొయ్యడానికి చేతుల్లో సత్తువ లేదు.

"నేనే చూసినాను. పెద్ద వార్డుకి నేనే తీసికెళ్లి దాని పక్కలో పడుకోబెట్టినాను. సుక్కి అడిగింది నన్ను. లేపి పాలివ్వాలా అక్కా అంది. వద్దు, ఆకలేస్తే ఆడే లేస్తాడు, నువ్వు పడుకో, రెండ్రోజులై కునుకు లేదు నీకు అన్నాను. మంచి బిడ్డమ్మా, ఏడవడు అన్నాను. నా మాట విని పడుకుంది."

ఝాన్సీ గుండెల మీది పిల్లని ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది. కాసేపయ్యాక చెయ్యి చాపి తల్లి మోకాలి మీద వేసింది. ఆ చెయ్యి క్షమించిందని గాని, లేదని గాని చెప్పలేదు. పక్కనే ఉన్నానని చెప్పింది, ఆ పూటకి అప్పలనరసమ్మకి అంతకంటే అడిగే హక్కు లేదనిపించింది.

ఐదు దాటింది. ఐదుంపావయింది. డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కనకరత్నం మంచం కాళ్ల వైపున, పొద్దున్న పట్టుకున్న ఫోనే పట్టుకుని నిలబడింది. మళ్లీ నిమిషాలు లెక్కపెడుతోంది. ఐదూ పదహారు. పిల్ల కదలలేదు. ఐదూ ఇరవై. అప్పలనరసమ్మ జీవితంలో మొదటిసారి తన లెక్క తప్పిందేమోనని భయపడింది. ఎనిమిది అని చదివింది నిజంగా ఎనిమిదేనా, ఆ అలసటలో సరిగ్గా చూసిందా?

ఐదూ ఇరవై మూడుకి పిల్ల మొహం ముడుచుకుంది. నోరు అటూ ఇటూ తిప్పింది. ముక్కులో గొట్టం అడ్డం వచ్చిందేమో, కోపంగా కాలు తన్నింది. తర్వాత ఏడ్చింది. పుట్టినప్పటి కేక కాదు అది. లాగి లాగి, ఊపిరి చాలక మళ్లీ అందుకుని ఏడ్చే ఆకలి ఏడుపు. అవతల వార్డులో మంచాల మీదివాళ్లు తలలు తిప్పి చూశారు. ఝాన్సీ రొమ్ము అందిస్తే పిల్ల పట్టుకుని చప్పరించిన చప్పుడు తలుపు దగ్గరికి వినిపించింది.

కనకరత్నం చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని అప్పలనరసమ్మ దగ్గరికి వచ్చి, "ఎనిమిదనే రాసీండి వదినా" అంది. "దానికేటి అదృష్టం ఉంటే అదే అవుద్ది."

ఆరింటికి అప్పలనరసమ్మ ఎక్స్‌రే గదికి వెళ్లింది. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు, ఉత్తకాళ్లతోనే వెళ్లింది. డాక్టరమ్మ కొండ మీది ఆరోగ్య కేంద్రాలన్నిటికీ ఫోన్లు చేయడం అప్పుడే పూర్తి చేసింది. పట్టీ ఎన్ని గంటలుంటే బిడ్డని అన్ని గంటలు కనిపెట్టాలి, అంతవరకు లేపి పాలు పట్టాలి. అంతే కొత్త నియమం. ఒక్క మాటలో అయిపోయేది. దానికి మూడేళ్లు పట్టింది.

"మిమ్మల్ని తిట్టాలని మధ్యాహ్నం నుంచి అనుకుంటున్నాను" అంది డాక్టరమ్మ. "ఓపిక రావట్లేదు. ఆ గోడని నమ్మింది నేను. నలభై ఒక్కమంది కొండ బిడ్డలు నిజం చెబుతుంటే, మూడు వందలమంది ఊరి బిడ్డల మాటే పట్టుకున్నాను. సంఖ్య ఎక్కువుంటే నిజమనుకున్నాను." కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. "పైకి నివేదిక పంపాలి. అందులో మీ పేరుంటుంది. నా పేరూ ఉంటుంది."

"ఉండనీండి."

"ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పలేను."

"తెలుసు మేడమ్."

"అసలు గంటలు మీకు గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. అదే విచిత్రం. కాగితం మీద రెండని రాసిన ప్రతిసారీ, గాజు గడిలో చూసిన అంకె వేరే ఎక్కడో ఆమె లోపల పడి ఉంది. ఏ పొట్ట మీద చెయ్యి వేసిందో, పట్టీ ఎప్పుడు విప్పిందో, ఎంతసేపటికి తల కనపడిందో ఆమె చేతులు మర్చిపోలేదు. డాక్టరమ్మ ఎర్ర సిరా కలం ఇచ్చింది. మొదటి రిజిస్టరు తెరిచి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"వాచీల కొట్టువాళ్ల కోడలు. ఏడు" అంది అప్పలనరసమ్మ. రెండు కొట్టేసి ఏడు వేసింది. "బస్సులాయన కూతురు. ఐదున్నర. కరణంగారి మనవరాలు. ఎనిమిది." పేజీ తర్వాత పేజీ ఎర్రబడింది. కిటికీ బయట సాయంత్రపు వెలుగు పల్చబడుతోంది. ఎవరో రెండు గ్లాసుల టీ తెచ్చి పెట్టి వెళ్లారు, ఇద్దరూ ముట్టుకోలేదు.

చివరి రిజిస్టరులో పోయిన నెలాఖరు పేజీకి వచ్చారు. ఆ పేజీలో పన్నెండు వరసలు. పదకొండింటిలో రెండ్లు కొట్టేసి అసలు గంటలు వేసింది. పన్నెండో వరస దగ్గర కలం ఆగింది.

నిమ్మక సుక్కి. ఎగువ జల్లిగూడ. మగబిడ్డ. పట్టీ గంటలు: తొమ్మిది.

సుక్కికి సిద్ధాంతి లేడు, ముహూర్తం లేదు. ఆమె తరఫున అప్పలనరసమ్మ గడ్డం పట్టుకుని బతిమాలడానికి ఎవరూ రాలేదు. అందుకని ఆమెకి ఉన్నదున్నట్టే రాసింది. ఆ పేజీ మొత్తం మీద నిజం రాసింది ఆ ఒక్క బిడ్డకే.

"ఇదెంత?" అంది డాక్టరమ్మ, కళ్లు మూతలు పడుతుంటే ఆపుకుంటూ.

"ఇది సరిగ్గానే ఉంది మేడమ్" అని అప్పలనరసమ్మ కలం పక్కన పెట్టింది. "దీన్ని దిద్దక్కర్లేదు."